గిరి గారి నాలుగు ఎన్నికలు, మన ఒక్క ఓటు

కాస్త పెద్ద పోస్టు, తీరిక చూసుకుని చదవండి.

ఎన్నికల మాట వచ్చినప్పుడల్లా మన గ్రూపులో నడిచే చర్చే మళ్ళీ మొదలైంది. "సంఘం తరఫున ఒక పేరు ప్రకటించెయ్యండి, తెలుగువాళ్ళంతా గంపగుత్తగా ఆయనకే వేస్తారు, అప్పుడుగానీ మనల్ని ఎవరూ లెక్కచెయ్యరు" అంటున్నారు కొందరు. "మనవాడు నిలబడితే పార్టీ చూడొద్దు" అంటున్నారు ఇంకొందరు. "మనం వేసినా వెయ్యకపోయినా గెలిచేవాడే గెలుస్తాడు" అని నిట్టూర్చేవాళ్ళు సరేసరి. ఈ మూడు మాటలకీ మన బరంపురంలో పుట్టిన ఒకాయన జీవితంలోనే జవాబులున్నాయి. వరాహగిరి వెంకటగిరి గారు. రోజూ గిరి రోడ్డు మీద తిరుగుతాం. 1894లో ఈ ఊళ్ళోనే పుట్టారనీ రాష్ట్రపతి అయ్యారనీ పిల్లలకి చెబుతాం. ఆయన ఒక ఎన్నికలో ఎలా ఓడిపోయారో మాత్రం చెప్పం. ఓటు వేసేవాడికి అన్నిటికంటే పనికొచ్చే కథ అదే.

ముందు 1937 సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మన ఊరు మద్రాసు నుంచి విడిపోయింది గానీ, గిరి గారి రాజకీయం మద్రాసు వైపే ఉండిపోయింది. ఆ ఏడాది మద్రాసు శాసనసభ ఎన్నికల్లో ఆయన నిలబడింది బొబ్బిలిలో, సాక్షాత్తూ బొబ్బిలి రాజా మీద. రాజా అంటే జమీందారు మాత్రమే కాదు, జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా చేసినవాడు. (అప్పట్లో ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు.) ఓటుహక్కు అందరికీ లేదు. ఆస్తో, పన్నో, చదువో ఉండాలి. రంగురంగుల ఓటు పెట్టెలు ఉండేవి, కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. రాజా సొంత గడ్డ మీద గిరి గారు గెలిచారు. మొత్తం 215 స్థానాల్లో కాంగ్రెస్‌కి 159 వస్తే, జస్టిస్ పార్టీకి 18 దక్కాయి. గిరి గారు రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు.

అక్కడ "మనవాడు" అన్న మాటకి అర్థమే లేదు చూడండి. ఇద్దరూ తెలుగువాళ్ళే. రాజా ఆ నేల మనిషి, గిరి గారు బయటి నుంచి వచ్చిన లాయరు. అయినా జనం గిరి గారి వైపు వెళ్ళారు. పోటీ ప్రధానంగా ఇద్దరి మధ్యే కాబట్టి ఓటరు పెద్దగా లెక్కలు వెయ్యాల్సిన పని కూడా పడలేదు. జమీందారీ కావాలా వద్దా, అంతే ప్రశ్న. ఇలాంటి ఎన్నికలు ఎప్పుడో గానీ రావు. 1952లో గిరి గారు పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచి కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. పర్లాకిమిడి పొలిమేర దాటితే పాతపట్నమే, మనవాళ్ళకి చుట్టరికాలున్న చోటు. రెండేళ్ళకి బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పు విషయంలో ప్రభుత్వంతో విభేదించి పదవి వదిలేశారు.

ఇక 1957. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం.

ఆ రోజుల్లో కొన్ని నియోజకవర్గాల నుంచి ఇద్దరేసి సభ్యులు ఎన్నికయ్యేవారు. ఒక స్థానం జనరల్, రెండోది షెడ్యూల్డ్ కులాలకో తెగలకో రిజర్వు. పార్వతీపురం అలాంటి ద్విసభ్య నియోజకవర్గం, అక్కడ రెండో స్థానం గిరిజనులది. పోటీలో నలుగురు. జనరల్ స్థానం కోసం గిరి గారు, ఇంకొకాయన. రిజర్వుడు స్థానం కోసం బిడ్డిక సత్యనారాయణ గారు, డిప్పల సూరిదొర గారు. ప్రతి ఓటరుకీ రెండు ఓట్లు, కానీ రెండూ ఒకే మనిషికి వెయ్యకూడదు.

లెక్కపెట్టే పద్ధతిలో ఉంది అసలు మెలిక. ముందు రిజర్వుడు స్థానం చూస్తారు. గిరిజన అభ్యర్థుల్లో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే ఆయనకి అది ఇస్తారు. ఆ తర్వాత మిగిలిన అందరిలోనూ, ఎవరు ఏ కులమైనా ఏ తెగైనా సరే, ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళకి రెండో స్థానం. సత్యనారాయణ గారికి రిజర్వుడు స్థానం వచ్చింది. మిగిలిన ముగ్గురిలో సూరిదొర గారి ఓట్లు గిరి గారి ఓట్లకంటే కొంచెం ఎక్కువ. దాంతో జనరల్ స్థానం కూడా గిరిజన అభ్యర్థికే వెళ్ళింది. కేంద్ర మంత్రిగా చేసిన గిరి గారు ఓడిపోయారు.

ఆయన ఊరుకోలేదు, కేసు వేశారు. రిజర్వుడు స్థానం కోసమని నామినేషన్ వేసినవాడిని జనరల్ స్థానానికి ఎలా లెక్కలోకి తీసుకుంటారన్నది ఒక వాదన. సూరిదొర గారి కుటుంబం క్షత్రియులమని చెప్పుకుంటోంది కాబట్టి ఆయన అసలు గిరిజనుడే కాదన్నది ఇంకోటి. 1959లో సుప్రీంకోర్టు రెండింటినీ ఒప్పుకోలేదు. రిజర్వేషన్ అంటే కనీసం ఒక స్థానం దక్కాలన్న హామీ మాత్రమే, ఎక్కువ ఓట్లు తెచ్చుకుంటే రెండోదీ వాళ్ళదే అన్నది తీర్పు సారాంశం. నాకు ఆ తీర్పు న్యాయంగానే కనిపిస్తుంది. ఎక్కువ ఓట్లొచ్చిన గిరిజనుణ్ణి పక్కకి తప్పుకోమనడానికి మనం ఎవరం? మన ఊరాయన ఓడిపోయాడని న్యాయం మారదు కదా.

కానీ ఓటరు వైపు నుంచి చూడండి. "జనరల్‌కి గిరి గారు, రిజర్వుకి సూరిదొర గారు" అనుకుని రెండు ఓట్లూ వేసిన పార్వతీపురం రైతు ఒకడు ఉన్నాడనుకుందాం. తాను ఇద్దరినీ గెలిపిస్తున్నానని అతని నమ్మకం. నిజానికి అతని రెండో ఓటు మొదటి ఓటుని కొట్టేసింది. గిరి గారిని మించిపోవడానికి సూరిదొర గారికి ఆ ఓటే ఒక మెట్టు. గిరి గారే గెలవాలన్న పట్టుదల ఉన్నవాడు చెయ్యాల్సింది రెండో ఓటు ఎవరికీ వెయ్యకుండా ఇంటికి రావడం! ఇద్దరు మంచివాళ్ళున్నారని చెరొకటి వేస్తే ఒకరికి నష్టం. ఆ పద్ధతిలో మనసులో ఉన్నది ఒకటి, పెట్టెలో లెక్క తేలేది ఇంకొకటి. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేసింది. 1962 నుంచి ఒక నియోజకవర్గానికి ఒకరే సభ్యుడు. మనకిప్పుడు ఉన్నది అదే.

నాలుగోది 1969 రాష్ట్రపతి ఎన్నిక. ఒకవైపు బరంపురంలో పుట్టిన గిరి గారు, ఇంకోవైపు అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి గారు. ఇక్కడ కూడా ఇద్దరూ తెలుగువాళ్ళే! కాంగ్రెస్ అధికార అభ్యర్థి రెడ్డి గారు, ఇందిరాగాంధీ "అంతరాత్మ ప్రబోధం" అంటూ గిరి గారి వైపు. మూడో ప్రధాన అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్ గారు. రాష్ట్రపతి ఎన్నికలో ఓటేసేది ఎంపీలూ ఎమ్మెల్యేలూ. వాళ్ళు ఒక పేరుకి టిక్కు పెట్టి ఊరుకోరు. నా మొదటి ఇష్టం ఈయన, ఈయన రాకపోతే ఆయన, అని 1, 2, 3 అంకెలు వేస్తారు.

మొదటి లెక్కలో గిరి గారికి వచ్చిన ఓట్ల విలువ 4,01,515. రెడ్డి గారికి 3,13,548. దేశ్‌ముఖ్ గారికి 1,12,769. మనం ఎమ్మెల్యేని ఎన్నుకునే పద్ధతే అయితే కథ అక్కడితో సరి, గిరి గారు ఎనభై ఏడు వేల పైచిలుకు తేడాతో గెలిచినట్టే. కానీ అక్కడ సగానికి పైన రావాలి, రాలేదు. కింద ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ తప్పిస్తూ వాళ్ళ ఓట్ల మీద రెండో అంకె ఎవరికి ఉందో చూస్తూ పోయారు. చివరికి గిరి గారు 4,20,077, రెడ్డి గారు 4,05,427. తీసివేసి చూడండి. ఈ పంపకంలో రెడ్డి గారికి 91,879 కలిస్తే గిరి గారికి కలిసింది 18,562. దేశ్‌ముఖ్ గారి వెనక ఉన్నవాళ్ళు తమ మనిషికే మొదటి ఓటు వేసుకున్నారు, గిరి గారు రాకూడదన్న కోరిక రెండో అంకెలో చెప్పుకున్నారు. ఓడిపోయారు గానీ, వాళ్ళు చెప్పదలచుకున్న రెండు మాటలూ లెక్కలోకి వచ్చాయి.

ఆ వెసులుబాటు మీకూ నాకూ లేదు. మన మిషను మీద ఒక్కసారే నొక్కుతాం. ఎవరు రావాలి, ఎవరు రాకూడదు అన్న రెండు కోరికలనీ ఒక్క బటన్‌లోనే ఇమిడ్చాలి. నియోజకవర్గ పద్ధతిలో ఓటు నిర్ణయించుకోవడం కష్టమయ్యేది అందుకే. "నచ్చినవాడికి వెయ్యి, అంతే" అనే వాళ్ళు ఈ ఇబ్బందిని దాటేసి మాట్లాడుతున్నారు.

మొన్న 2024 ఒడిశా లెక్కలు చూస్తే ఈ పద్ధతి స్వభావం ఇంకా బాగా తెలుస్తుంది. అసెంబ్లీకి బిజూ జనతాదళ్‌కి సుమారు 40.2 శాతం ఓట్లు, బీజేపీకి సుమారు 40.1 శాతం. ఓట్లు ఒక పిసరు ఎక్కువ వచ్చిన పార్టీకి 51 సీట్లు, తక్కువ వచ్చిన పార్టీకి 78 సీట్లు, ప్రభుత్వం. లోక్‌సభకైతే బీజేడీకి 37 శాతం పైగా ఓట్లొచ్చి ఒక్క సీటు కూడా రాలేదు. ఎవరి మోసమూ లేదు ఇందులో. రాష్ట్రం మొత్తంలో ఎన్ని ఓట్లొచ్చాయని ఎవరూ లెక్కపెట్టరు. 147 నియోజకవర్గాల్లో 147 వేరువేరు పందేలు నడుస్తాయి. ఒకచోట యాభై వేల ఆధిక్యం వచ్చినా ఒక సీటే, పక్క చోట యాభై ఓట్ల ఆధిక్యం వచ్చినా ఒక సీటే. కాబట్టి టీవీలో చెప్పే గాలి కంటే, మీ నియోజకవర్గంలో మొదటి ఇద్దరు ఎవరన్నదే మీ ఓటుకి ముఖ్యం.

ఇప్పుడు "మనవాడు" సంగతికి వస్తా. మనకి దానికి పెద్ద ఉదాహరణే ఉంది. 1996లో ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు గారు మన బరంపురం లోక్‌సభ స్థానంలో పోటీ చేశారు, నంద్యాలలో కూడా. రెండు చోట్లా గెలిచి, నంద్యాల వదులుకుని బరంపురం ఉంచుకున్నారు. అంతకుముందు 1984లో ఆయన హనుమకొండలో ఓడిపోయినప్పుడు లోక్‌సభకి పంపింది మహారాష్ట్రలోని రాంటెక్. అంటే తెలుగువాడిని తెలుగుదేశం అవతలి వాళ్ళే రెండుసార్లు ఆదుకున్నారన్నమాట. (తెలుగుదేశం అంటే ఇక్కడ పార్టీ కాదు లెండి. ఆ పార్టీ 1991 నంద్యాల ఉపఎన్నికలో తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఆయన మీద అభ్యర్థినే పెట్టలేదు.) 1996లో మనవాళ్ళు చాలామంది ఓటేసింది ప్రధానమంత్రికి. ఫలితాలొచ్చేసరికి కాంగ్రెస్‌కి 140 సీట్లు, పి.వి. గారు మే నెలలోనే రాజీనామా. బరంపురానికి మిగిలింది మాజీ ప్రధాని. ఆ గెలుపు నాకూ గర్వమే, కాదనను. కానీ ప్రధానిని నియోజకవర్గం ఎన్నుకోదు. 543 మందిలో ఒకరిని ఎన్నుకుంటుంది. మిగతా 542 చోట్ల ఏం జరుగుతుందో మన చేతిలో లేదు.

దీనికి సరిగ్గా ఎదురు పక్క చేసింది యానాం. పుదుచ్చేరి అసెంబ్లీలో ఎన్నికయ్యే 30 స్థానాల్లో యానాంది ఒక్కటే. రాజధాని 800 కిలోమీటర్ల పైచిలుకు దూరం. 2021లో మాజీ ముఖ్యమంత్రి రంగసామి గారు తన తట్టాంచావడితో పాటు యానాంలో కూడా నిలబడ్డారు. 1996 నుంచి అక్కడ ఎమ్మెల్యేగా ఉన్న మల్లాడి కృష్ణారావు గారు తాను తప్పుకుని ఆయనకే మద్దతిచ్చారు. కాబోయే ముఖ్యమంత్రే మన ఎమ్మెల్యే అయితే ఇంకేం కావాలి అనుకోవడం సహజం. యానాం ఓటర్లు ఏడు వందల లోపు తేడాతో గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే ఇండిపెండెంటుని గెలిపించారు. రంగసామి గారు తట్టాంచావడిలో గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. యానాం తప్పు చేసిందా? నేనైతే అనను. రెండు చోట్లా గెలిస్తే ఒకటి వదులుకోవాలి. వదిలేది 800 కిలోమీటర్ల దూరంలో ఉన్నదే అవుతుందేమో అన్న అనుమానం ఓటరుకి రావడంలో వింత లేదు. అధికారంలో ఉన్న పార్టీ ఎమ్మెల్యే అయితేనే పనులవుతాయన్న వాదన కూడా తేలికగా కొట్టెయ్యలేనిదే. ఆ రెండింటి మధ్య యానాం దాదాపు సమానంగా చీలింది. ఊరంతా తెలుగువాళ్ళే అయినచోటే గంపగుత్త ఓటు లేదని గమనించండి.

సోలాపూర్ సంగతి కూడా ఒక్క మాట. అక్కడి పద్మశాలి నేతకార్మికుల కుటుంబాల నుంచి వచ్చిన ధర్మన్న సాదుల్ గారు 1989లో, 1991లో ఎంపీ అయ్యారు. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత, 2009 నుంచి ఆ స్థానం షెడ్యూల్డ్ కులాలకి రిజర్వు. ఇప్పుడు సోలాపూర్ పద్మశాలీలు లోక్‌సభకి "మా కులం వాడు" అని అడిగే వీలే లేదు. ఓట్లు అవే, మగ్గాల కష్టాలు అవే. ఉన్న అభ్యర్థుల్లో ఎవరు పనికొస్తారో చూసుకోవాలి. పేరు చూసి వేసే అలవాటు ఒక్కటే ఉన్నవాడికి అక్కడ దిక్కు తోచదు.

మన లెక్క ఇంకా చిక్కు. బరంపురం లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు: ఛత్రపురం, గోపాలపురం, బరంపురం, దిగపహండి, చికిటి, మోహన, పర్లాకిమిడి. టౌనులో మనం వార్డులవారీగా చెదిరి ఉన్నాం, గోపాలపురం తీరం వెంబడి మన మత్స్యకారుల ఊళ్ళున్నాయి, పర్లాకిమిడి వైపు ఇంకో తెలుగు. ఎక్కడా మనం ఒక్కళ్ళమే గెలిపించేంత మంది లేం. కానీ మొదటి ఇద్దరి మధ్య తేడా చిన్నదైనచోట తేల్చేంత మంది ఉన్నాం. ఈ రెండూ ఒకటి కాదు. మొదటిది ఉన్నవాళ్ళు పేరు ప్రకటించుకోవచ్చు. రెండోది మాత్రమే ఉన్నవాళ్ళు ముందే ప్రకటిస్తే ఒక పార్టీ "వీళ్ళు ఎలాగూ మనవాళ్ళే" అని మరిచిపోతుంది, రెండో పార్టీ "వీళ్ళు ఎలాగూ మనవాళ్ళు కారు" అని మరిచిపోతుంది. పైగా ఒడియా ఇరుగుపొరుగుతో తరాలుగా ఉన్న సఖ్యతని ఒక ఎన్నిక కోసం ఫణంగా పెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే సంఘం పేరు మీద అభ్యర్థిని ప్రకటించడానికి నేను ఒప్పుకోను. మీటింగులో కూడా ఇదే చెబుతాను.

మరి ఏం చెయ్యాలి అంటారా. మన రాష్ట్రంలో అసెంబ్లీకీ లోక్‌సభకీ ఒకేరోజు ఓటు, రెండు మిషన్లు. చాలామంది రెండింటి మీదా ఒకే గుర్తు నొక్కి వచ్చేస్తారు. తెలుగు బడులు మూతపడుతున్నాయి, టీచర్ల ఖాళీలు నింపడం లేదు అన్నది మన ప్రధాన బాధ అయితే, అది రాష్ట్రం చేతిలో పని. మాతృభాషలో ప్రాథమిక విద్యకి ఏర్పాటు చెయ్యాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఏ అధికరణం రాష్ట్ర ప్రభుత్వానికే చెబుతోంది. ఆ ప్రశ్న అడగాల్సింది ఎమ్మెల్యే అభ్యర్థుల్ని. రైలు సంగతి ఎంపీ అభ్యర్థిని. మురుగు కాలవ సంగతి ఇద్దరినీ కాదు, కౌన్సిలర్‌ని. మనం మూడూ కలిపి దొరికినవాడిని అడుగుతాం, ఆయన మూడింటికీ "చూద్దాం" అంటాడు. 2024లో కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ గారు లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేస్తే వీడియో మన గ్రూపులో ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు. నాకూ ముచ్చటేసింది. కానీ హోసూరు వైపు తెలుగు మీడియం పిల్లల చదువు తేల్చేది ఢిల్లీ కాదు, చెన్నై.

ఇంకొకటి. ప్రతి ఎన్నిక తర్వాత ఫారం 20 అని ఒక పత్రం వస్తుంది. ఏ పోలింగ్ బూత్‌లో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. పార్టీల వాళ్ళు అది ముందేసుకునే మన వీధులకి వస్తారు. మనం ఎప్పుడూ తెరిచి చూడలేదు. బరంపురం, గోపాలపురం, చికిటి సెగ్మెంట్లవి గత రెండు ఎన్నికలవి దింపుకుని, మనవాళ్ళు ఎక్కువున్న బూత్‌లలో మొదటి ఇద్దరెవరు, తేడా ఎంత, మూడోవాడికి పోయిన ఓట్లెన్ని అన్నది ఒక పట్టీ వేస్తే సరిపోతుంది. ఎవరికి వెయ్యాలో అందులో రాయం. అది చూసుకుని ఎవరి నిర్ణయం వాళ్ళు తీసుకుంటారు. నచ్చినవాడు మూడో స్థానంలో ఉన్నాడని తెలిసి కూడా ఆయనకే వేస్తానంటే అదీ సరైన ఓటే, తెలిసి వేసినది కాబట్టి. ఎక్సెల్ వచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురు కావాలి. ఈ ఆదివారం సాయంత్రం వీలున్నవాళ్ళు కింద పేరు పెట్టండి, ఫైళ్ళు నేను దింపి ఉంచుతాను.